సాదా ఉడుపు, సభామర్యాద

2023వ సంవత్సరము సెప్టెంబరు మాసమున అమెరికా సంయుక్త రాష్ట్రముల సెనేటులో ఒక వివాదము చెలరేగినది. పెన్సిల్వేనియా రాష్ట్రమునుండి ఎన్నికైన జాన్ ఫెటర్‌మన్ అను సభ్యుడు, తలగప్పు కుట్టిన వదులు చొక్కాతోను మోకాలి పొడవు లాగుతోను సభాభవనమునకు వచ్చుచుండగా, అధికపక్ష నాయకుడగు చక్ షూమర్, సభ్యుల వేషమును గూర్చి వాడుకలోనున్న అలిఖిత నియమమును సిబ్బంది ఇకమీదట అమలు జరుపనక్కరలేదని ఆదేశించెను. రెండు వారములు తిరుగకమునుపే, ఆ నెల 27వ తేదీన, పురుషులు కోటు, టై, పొడవు పాంటు ధరించియే సభలో అడుగిడవలెనని సభ ఏకగ్రీవముగ తీర్మానించి, ఆనాటివరకు ఆచారముగ మాత్రమే నడచిన దానిని వ్రాతలోనికి తెచ్చినది. ప్రభుత్వవ్యయమునకు అనుమతి చిక్కక కార్యాలయములు మూతపడు దినము సమీపించుచుండిన ఆ వారమున, నూరుగురు సభ్యులుగల మహాసభ ఒక లాగును గూర్చి తీర్మానము చేయుటకు పూనుకొన్నదనిన, ఆ లాగులో అల్పము కాని విషయమేదో ఇమిడియున్నదని ఒప్పుకొనవలెను.

మన ఉద్యోగులు ‘క్యాజువల్స్’ అనియు, మన తల్లులు ‘ఇంటి బట్టలు’ అనియు వ్యవహరించు ఈ సాదా ఉడుపును గూర్చి రెండు పక్షములవారు చిరకాలముగ వాదించుచున్నారు. వేషము మనుష్యుడు సభకు సమర్పించు గౌరవమనియు, దానిని సడలించుట సభనే సడలించుట యనియు మొదటివారందురు. దేహము తనది, దానిపై వస్త్రము తనది, తన రుచిని, తన అభిమతమును ఆ వస్త్రముచే వెల్లడించుకొనుట తనకు జన్మసిద్ధమైన హక్కని రెండవవారందురు. ఇరువురును ఒక్క విషయమున ఏకాభిప్రాయులు: సాదా ఉడుపనగా నియమము లేని ఉడుపని వారి తలంపు. నాకు సందేహము అచ్చటనే కలుగుచున్నది. సాదా ఉడుపునకును నియమములు కలవు. అవి గోడపై వ్రాసియుండవు గాన వానిని తప్పినవానికి తప్పిన పిదపగాని తెలియవు. అంతకంటె ముఖ్యమైన సంగతి, ఆ ఉడుపు ధరించుటకు లోకమిచ్చు అనుమతి అందరికిని సమముగ లభింపదు. ఎవని గౌరవము వేషముతో నిమిత్తము లేక నిలిచియున్నదో వానికది స్వేచ్ఛ. ఎవడు తన గౌరవమును ప్రతిదినమును ఋజువు చేసికొనవలసియున్నదో వానికది అపాయము. ఈ దృష్టితో చూచిన, ఈ ప్రశ్నయొక్క చరిత్రయంతయు మరియొక విధముగ కనబడును.

వేషనియమముతో కవులును ఇబ్బందిపడిరి. శ్రీనాథునిదిగ ప్రసిద్ధి వహించిన చాటుపద్యమొకటి, కర్ణాట రాజధానిలో రాజదర్శనమునకై తాను తలకు కుళ్ళాయి పెట్టవలసివచ్చెననియు, పెద్ద కూర్పాసము తొడుగవలసివచ్చెననియు వాపోవును. విజయనగర ప్రభువుల ఆస్థానమున నెలకొనిన కబాయి యను ఆ పొడవు అంగీయు, కుళ్ళాయి యను ఆ టోపీయు ఆనాటి మహమ్మదీయ రాజసభల నాగరికతనుండి స్వీకరింపబడినవని ఫిలిప్ వాగనర్ అను చరిత్రకారుడు 1996లో సోపపత్తికముగ వివరించెను. అట్టి ఆస్థానమునకు అధిపతియైన శ్రీకృష్ణదేవరాయల విగ్రహము తిరుమల ఆలయమున నేటికిని నిలిచియున్నది: ఇరుప్రక్కల దేవేరులు, తలపై పొడవైన టోపీ, మోడ్చిన చేతులు, వస్త్రము లేని వక్షము. రాజసభలో దేహమును నిండుగ కప్పుకొనుట మర్యాద, దేవుని సన్నిధిలో దేహమును విప్పుకొనుట మర్యాద. ఒకే పురుషుడు ఒకే దినమున ఈ రెండింటిని పాటించెను. అందువలన ఏ ఉడుపు సాదా, ఏ ఉడుపు ఘనము అనునది బట్టలో లేదు, అది ధరించి నిలిచిన తావులో నున్నదని తెలియవలెను.

ఈనాడు ప్రపంచమంతట వ్యాపించిన సాదా ఉడుపునకు మూలము శ్రామికుని దేహము. రీనో పట్టణమున దర్జీయైన జేకబ్ డేవిస్, శాన్ ఫ్రాన్సిస్కో వర్తకుడగు లెవీ స్ట్రాస్ కూడి, పనివాండ్ర పాంట్ల జేబులు మూలలయందు చినుగకుండుటకై రాగి రివెట్లు బిగించు పద్ధతికి 1873 మే 20వ తేదీన పేటెంటు పొందిరి. అమెరికా నౌకాదళము 1913లో నావికులకు లోదుస్తుగ ఇచ్చిన పొట్టిచేతుల బనియను, 1951లో మార్లన్ బ్రాండో తెరపై దానితోనే కనబడిన పిమ్మట, లోపలి వస్త్రమన్న సంకోచమును విడిచి బయటి వస్త్రమైనది. 1950 ప్రాంతమున పెక్కు అమెరికను పాఠశాలలు జీన్స్ ధరించి రారాదని నిషేధించెను. నిషేధమే దానికి యౌవనుల యెదుట వన్నె తెచ్చినది. అయితే ఈ పరిణామమంతయు సినిమా నటుల పుణ్యమే యనుకొనుట పొరపాటు. డీర్‌డ్రీ క్లెమెంటే అను చరిత్రకారిణి 2014లో వెలువరించిన గ్రంథమున, ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున కళాశాల విద్యార్థులు ఆటస్థలపు దుస్తులను తరగతిగదిలోనికిని, భోజనశాలలోనికిని క్రమక్రమముగ తెచ్చుటయే ఈ మార్పునకు ప్రధాన కారణమని సవివరముగ చూపినది. ఆ విద్యార్థులలో అధికభాగము సంపన్నుల బిడ్డలని మనము మరువరాదు. గనిలో పనివాడు జీన్స్ తొడుగుట అవసరము. విశ్వవిద్యాలయమున ధనికుని కుమారుడు దానినే తొడుగుట ధీమా.

కార్యాలయమునకు ఈ ఉడుపు చేరిన తీరు మరింత ఆలోచింపదగినది. హవాయి ద్వీపములలో దుస్తుల వర్తకుల సంఘము 1962లో శాసనసభ్యుల కొక్కొక్కరికి రెండేసి పూల చొక్కాలు పంచి, ఉష్ణదేశమున కోటు తొడుగుట కష్టమని బోధించి, వేసవి దినములలో ఆ చొక్కాలకు అనుమతి సంపాదించినది. 1966 నాటికి శుక్రవారము ‘అలోహా ఫ్రైడే’ యైనది. ఆ వాడుక అమెరికా ప్రధానభూమికిని వ్యాపించుచుండగా, 1986లో డాకర్స్ అను పేర కాకీ పాంట్లు ప్రవేశపెట్టిన లెవీ స్ట్రాస్ సంస్థ, 1992లో, కార్యాలయమున సాదా ఉడుపు ఎట్లుండవలెనో చిత్రములతో తెలుపు చిన్న పుస్తకమును సుమారు 25,000 మంది సిబ్బంది వ్యవహారాధికారులకు పంపినది. 1995లో ఐబీఎం వంటి కట్టుదిట్టమైన సంస్థయు కోటు నియమమును సడలించినది. ఇందు వర్తకుని లాభాపేక్ష స్పష్టముగ కనబడుచున్నను నేను దానిని తప్పుపట్టను. కాని స్వేచ్ఛ యనబడిన ఆ శుక్రవారము, కాలరు ఎట్లుండవలెనో, ఏ బూటు తగదో చెప్పు చిత్రపటముతో కూడియే వచ్చినదను సంగతిని గుర్తుంచుకొనవలెను.

1998 నవంబరు 22వ తేదీన సైబర్ టవర్స్ అను సాఫ్ట్‌వేర్ భవనము ప్రారంభమైన పిమ్మట ఆ శుక్రవారము హైదరాబాదునకును వచ్చినది. సోమవారమునుండి గురువారము వరకు చొక్కా టక్ చేసి, బెల్టు బిగించి, మెడలో ఐడీ కార్డు వ్రేలాడదీసికొని నడచు యువకుడు శుక్రవారము జీన్స్, టీషర్టులలో దర్శనమిచ్చుట, గుంటూరునుండియు కరీంనగరునుండియు వచ్చిన మధ్యతరగతి కుటుంబములకు ఒక క్రొత్త అనుభవము. కొంతకాలమునకు వారమంతయు శుక్రవారమే యైనది. కాని ఆ భవనముల ముంగిట ఒక్క ఉదయము నిలిచి చూడుడు. లోనికి పోవు ఇంజినీరు నలిగిన టీషర్టుతోను చెప్పులతోను నిశ్చింతగ నడచిపోవును. తలుపు తెరచు సెక్యూరిటీ గార్డు మండుటెండలో టోపీ, టై, బూట్లు ధరించి నిలిచియుండును. నేల తుడుచు స్త్రీ చీరపై సంస్థ ముద్రగల కోటు తొడిగియుండును. బండిపై భోజనము తెచ్చు కుర్రవాడు యజమాని రంగు చొక్కాను విప్పుటకు వీలులేదు. జీతము తగ్గినకొలది వేషనియమము బిగిసియుండుట ఆ ముంగిట ఎవరికైన కనబడును. ఇంజినీరు మెడలోని కార్డే అతని కోటు; అది ఇంట మరచివచ్చిన దినమున, ఆ టీషర్టు ఏపాటి మన్నన పొందునో అతనికి తెలిసివచ్చును.

సాదా ఉడుపు స్వీయాభివ్యక్తి యనువారి వాదమునకు న్యాయస్థానములు గట్టి ఆలంబనమునే యిచ్చినవి. నిర్బంధ సైనికసేవను దూషించు పరుష వాక్యమును కోటుపై వ్రాసికొని 1968లో లాస్ ఏంజలిస్ న్యాయస్థానపు వసారాలో నడచిన పాల్ కోహెన్ అను యువకునికి ముప్పది దినముల శిక్ష పడగా, అమెరికా సర్వోన్నత న్యాయస్థానము 1971లో ఐదుగురికి నలుగురు న్యాయమూర్తుల ఆధిక్యముతో ఆ శిక్షను కొట్టివేసినది. మన సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15వ తేదీన జాతీయ న్యాయసేవాధికార సంస్థ (నాల్సా) వ్యాజ్యమున, తన లింగస్వభావమును దుస్తులచే, మాటచే, నడవడిచే వెల్లడించుకొనుట రాజ్యాంగము 19వ అధికరణము ప్రసాదించిన భావప్రకటన స్వేచ్ఛలో అంతర్భాగమని తీర్పు చెప్పినది. ఈ రెండవ తీర్పును నేను మొదటిదానికంటె మిన్నగ భావింతును. కోహెను కోటు విప్పిన దానితో అతని మాట తీరిపోవును. చీర కట్టుకొనుటయే తన జీవసత్యమైన ట్రాన్స్‌జెండర్ వ్యక్తికి విప్పి వేరుచేయుటకు వీలైన మాట యేదియు లేదు. అయినను సామాన్యముగ అంగడిలో కొని తొడిగెడి టీషర్టులో ఎంత అభివ్యక్తి కలదో పరిశీలింపవలెను. వక్షముపై సంస్థ పేరు మోయుచు తిరుగువాడు ఆ సంస్థకు వెలయిచ్చి ప్రచారము చేయుచున్నాడు. చే గువేరా ముఖము ముద్రించిన చొక్కా ధరించిన కుర్రవాండ్రలో ఆయన చరిత్ర తెలిసినవారు ఎందరు? వస్త్రముచే పలికిన మాటకు విలువ, ఆ మాట పలికినందులకు ధరించినవాడు ఏమి కోల్పోవుటకు సిద్ధపడెనో దానినిబట్టి యుండునని నా నమ్మకము.

ఈ విషయమున భారతదేశము ప్రపంచమున కిచ్చిన రెండు మహోదాహరణములు పరస్పర విరుద్ధములుగ కనబడును. 1921 సెప్టెంబరు 22వ తేదీన మధురైలో గాంధీమహాత్ముడు చొక్కాను, టోపీని విడిచి కొల్లాయి కట్టెను. 1931 నవంబరులో లండనున ఐదవ జార్జి చక్రవర్తి విందునకు ఆ కట్టుతోనే వెళ్ళెను. అంబేద్కరు మహాశయుడు దానికి భిన్నముగ త్రీపీస్ సూటు ధరించెను. అంతియేకాక 1927 డిసెంబరున మహాడ్ సత్యాగ్రహ సందర్భమున దళిత స్త్రీలనుద్దేశించి, అగ్రవర్ణ స్త్రీలవలెనే చీర కట్టుడనియు, కులమును పట్టియిచ్చు మోటునగలను విడువుడనియు ఉద్బోధించెను. ఒకరు ఘనమైన వేషమును విడిచి సాదాకు దిగిరి, ఒకరు సాదాను విడిచి ఘనమైన వేషమున కెక్కిరి. ఇందు వైరుధ్యము పైకి మాత్రమే. గాంధీజీ లండనున బారిష్టరు సూటు తొడిగిన మనిషి, దివానుల వంశమున పుట్టిన మనిషి. ఆయన త్యజించుటకు ఒకటి ఉండెను గాన ఆ త్యాగము లోకమునకు అర్థమైనది. పంచె మోకాలి క్రిందికి దిగరాదనియు, భుజముపై కండువా ఉండరాదనియు, అగ్రవర్ణుల వీథిలో చెప్పులు చేతపట్టుకొని నడువవలెననియు తరతరములుగ శాసింపబడిన జనమునకు విడుచుటకేమున్నది? తిరువాన్కూరులో నాడారు స్త్రీలు వక్షమును కప్పుకొనుటకై దశాబ్దములు పోరాడిన పిమ్మట 1859 జూలై 26వ తేదీన ప్రభుత్వము అనుమతి నిచ్చెను. అప్పుడును అగ్రవర్ణ స్త్రీల తీరున కప్పుకొనరాదను నిబంధన వదలలేదు. అట్టి జనమునకు ఇస్త్రీచేసిన చొక్కాయే తిరుగుబాటు. 2023 ఏప్రిల్ 14వ తేదీన హైదరాబాదునను, 2024 జనవరి 19వ తేదీన విజయవాడయందును ఆవిష్కరింపబడిన 125 అడుగుల విగ్రహములు రెండును అంబేద్కరును కోటు, బూట్లతోనే నిలిపినవి. మాలపల్లెలలో, మాదిగగూడెములలో వెలసిన చిన్న విగ్రహములును అట్టివే. ఆ నీలి సూటును పాశ్చాత్యానుకరణమని ఆక్షేపించువారు, తమ ఇంట ఎన్నడును ఎవరును తమ తాతను చెప్పులు విప్పుమని అదలించియుండలేదను సంగతిని తలపునకు తెచ్చుకొనవలెను.

ధనికుని నిరాడంబరము సంగతియు ఇట్టిదే. విలువైన వస్త్రము ధరించినవాడు తాను శ్రమింపనక్కరలేనివాడని చాటుచున్నాడని వెబ్లెన్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు 1899లో వ్రాసెను. నూరేండ్లకు ఆ సూత్రము తలక్రిందులైనట్లు తోచును గాని కాలేదు. స్టీవ్ జాబ్స్ నల్లని చొక్కా, జీన్స్, మార్క్ జుకర్‌బర్గ్ బూడిదరంగు టీషర్టు — ఇవి తమకు మరియొకని మెప్పు అక్కరలేదని చాటు వేషములు. ఆ జుకర్‌బర్గే 2018 ఏప్రిల్‌లో అమెరికను కాంగ్రెసు ఎదుట ప్రశ్నలకు బదులు చెప్పవలసివచ్చినపుడు సూటు, టై ధరించి కూర్చుండెను. మరియొకని అనుగ్రహము కావలసివచ్చిన క్షణముననే సాదా ఉడుపు అదృశ్యమైనది. మన యధికారవర్గమున ఈ లెక్క ఇంకను సూక్ష్మము. 2015 మే నెలలో ప్రధానమంత్రికి స్వాగతమిచ్చుటకు రంగు చొక్కాతోను నల్లకళ్ళద్దములతోను వచ్చిన బస్తరు జిల్లా కలెక్టరునకు రాష్ట్రప్రభుత్వము హెచ్చరిక పంపినది. జిల్లాలో అతని వేషమును ప్రశ్నించుట కెవ్వరికి సాహసము చాలదు. తనకంటె పైవాడు వచ్చిన దినముననే అతనికి నియమము పుట్టినది.

స్త్రీల యెడ ఈ అన్యాయము తీవ్రరూపము దాల్చుచున్నది. తెలుగునాట గత నలుబది యేండ్లలో ఆడువారి దైనందిన జీవితమును అన్నిటికంటె ఎక్కువ సుఖపెట్టిన వస్త్రమేదని నన్నడిగిన, నైటీ యని నిస్సంకోచముగ చెప్పుదును. అయిదున్నర గజముల చీర, లోపావడ, రవికె కట్టుకొని, రెంటచింతల ఎండలో గ్యాసుపొయ్యి యెదుట నిలిచి వంటచేసిన స్త్రీకి ఈ నూలుబట్టయొక్క విలువ తెలియును. మెడనుండి పాదము వరకు ఒక్క తొడుగు, గాలి ఆడును, ముందు జిప్పు ఉండుటచే చంటిబిడ్డ తల్లికి వీలు, ఉతుకుట తేలిక, ఇస్త్రీ అక్కరలేదు, ధర స్వల్పము. పాలప్యాకెట్టు తెచ్చుటకు, కుళాయి వద్ద బిందె నింపుటకు, కూరగాయల బండిని ఆపుటకు, బిడ్డను స్కూలు ఆటో ఎక్కించుటకు పైన ఒక తువ్వాలో చున్నీయో కప్పుకొని బయటికి వచ్చుట ఏ శాసనమును లేకయే మన స్త్రీలు తమకు తాము కల్పించుకొన్న మర్యాద. శరీరాకృతిని చీరకంటె ఎక్కువగ దాచు ఈ వస్త్రమును అసభ్యమని నిందించుట ఎట్లు కుదురునో నాకు బోధపడదు.

అయినను 2018లో పశ్చిమ గోదావరి జిల్లా నిడమర్రు మండలములోని తోకలపల్లి గ్రామపెద్దలు, ఉదయము 7 గంటలనుండి సాయంకాలము 7 గంటల వరకు స్త్రీలు నైటీతో బయటికి రారాదనియు, తప్పినవారికి 2,000 రూపాయలు జరిమానా యనియు, వారిని పట్టియిచ్చినవారికి 1,000 రూపాయలు బహుమానమనియు కట్టడి చేసిరి. అంతకు నాలుగేండ్ల ముందు నవీ ముంబయిలోని గోఠివలి గ్రామమున ఒక మహిళామండలియే 500 రూపాయల జరిమానాతో ఇట్టి నిషేధము విధించినది. కావున ఇది కేవలము పురుషుల దౌష్ట్యమని తేల్చివేయుటకు వీలులేదు. నైటీ రాత్రి వస్త్రము గాన పగలు తగదని వారి వాదము. లుంగీ, బనియను ధరించి అదే వీథి అరుగుపై పేపరు చదువు పురుషుడు పగలు రాత్రి యను భేదము పాటించుచున్నాడా? అతడు ఇంటినుండి అరుగు వరకు, అరుగునుండి టీకొట్టు వరకు తన ఇంటిని వెంటబెట్టుకొని నడచును. స్త్రీకి ఇంటి గడప దాటినదే తడవుగ వీథి ఒక సభ యగును, ప్రతి బాటసారియు సభాపతి యగును. కళాశాలలలో కుర్తా పొడవు కొలుచుట, 2021లో ఉత్తరాఖండ్ ముఖ్యమంత్రి ఒకరు చినిగిన జీన్స్ ధరించిన తల్లి బిడ్డల కేమి సంస్కారము నేర్పునని సభాముఖమున ప్రశ్నించుట — ఇవన్నియు ఈ భావమునుండి పుట్టినవే. ఈ నిషేధముల ప్రయోజనము సభ్యతారక్షణ మని నేను నమ్మను. స్త్రీ బయట నిశ్చింతగ కనబడుటయే వారికి సహింపరానిదైనది.

ఇట్లనుటచే నియమములన్నియు తొలగింపవలెనని నా అభిప్రాయము కాదు. బడిపిల్లల యూనిఫారము పేదబిడ్డ చొక్కాను ధనికబిడ్డ చొక్కా ప్రక్కన దాచును. ఆ మేలు స్వేచ్ఛానష్టముకంటె పెద్దది. తిరుమలలో కల్యాణోత్సవమునకు పంచె, ఉత్తరీయము కావలెనను నియమము ముందుగ ప్రకటింపబడియున్నది, మంత్రికిని కూలికిని ఒక్కటియే. అట్టిదానిపై నాకు ఫిర్యాదు లేదు. వేసవిలో క్రింది కోర్టులయందు నల్లకోటు తప్పనిసరి కాదని బార్ కౌన్సిల్ నియమావళియే చెప్పుచుండగా సుప్రీంకోర్టునను, హైకోర్టులయందును మాత్రము ఆ సడలింపు లేకుండుట వివేకము కాదు. జపాను ప్రభుత్వము 2005లో ‘కూల్ బిజ్’ అను పేర, కార్యాలయపు ఏసీని 28 డిగ్రీల వద్ద నిలిపి కోటు, టైలను విడువుమని తానే చెప్పినది. అట్లు అధికారమే ముందుగ కోటు విప్పినపుడు క్రిందివాడు వెరవు లేక విప్పగలడు.

శాసనముచే ఈ సమస్య తీరునా యని అడుగువారు తమిళనాడు అనుభవమును చూడవలెను. 2014 జూలైలో చెన్నపట్టణములోని ఒక క్లబ్బునకు పంచెతో వచ్చిన హైకోర్టు న్యాయమూర్తిని ద్వారముకడ నిలిపివేయగా రాష్ట్రమంతయు భగ్గుమన్నది; ఆగస్టు నెలలోనే శాసనసభ, పంచెయు తదితర భారతీయ సంప్రదాయ వస్త్రములును ధరించినవారిని బహిరంగ స్థలములనుండి నివారించిన ఏడాది వరకు కారాగారము, 25,000 రూపాయల జరిమానా, లైసెన్సు రద్దు అని చట్టము చేసినది. మంచి చట్టమే. కాని ఒక న్యాయమూర్తికి అవమానము జరిగిన పిమ్మటనే అది పుట్టినది, అది కాపాడినది తెల్లని సంప్రదాయ వస్త్రమును. 2024 ఫిబ్రవరిలో బెంగుళూరు మెట్రో స్టేషనున, టిక్కెట్టు చేతనున్న ఒక రైతును, అతని బట్టలు మురికిగ నున్నవని సెక్యూరిటీ పర్యవేక్షకుడు లోనికి విడువలేదు. తోటి ప్రయాణికులు అడ్డుపడి అతనిని రైలెక్కించిరి. పనిచేసిన దేహముపై మాసిన బట్టకు రక్షణ కల్పించు చట్టమేదియు లేదు. మెట్రో నియమావళిలో మాసిన చొక్కాకు నిషేధముండెనో లేదో, ఆ పర్యవేక్షకునికి ఆ తలంపు ఎవరివద్ద అబ్బినదో నాకు తెలియదు; సంస్థ అతనిని పనినుండి తొలగించినది. అతడును టోపీ, బూట్లు, సంస్థ యిచ్చిన చొక్కా ధరించి ఆ ద్వారమున నిలిచిన చిరుజీతపు మనిషియే.